దవడ కదలకుండా

బడి నుంచి వస్తూనే మోక్షిత
సంచి ఒకదిక్కు, చెప్పులు ఒకదిక్కు విసిరి
ఫడ్జు కావాలంది.
ఎవరిదో పుట్టినరోజట.
నల్లటి ముక్క, చల్లగా,
నాలుక మీద పెట్టంగనే మాయమైందట.

"ఫడ్జా? పడిశమా?"
మంచం మీదినుంచి అత్త.
"పడిశమైతే మిరియాల కషాయం ఉన్నది."

జేబులో మడిచి తెచ్చిన అట్టముక్క మీద
దినుసుల పేర్లు చదివించిన పిల్లతో.
సగం పేర్లకు నోరు తిరగలేదు.
నోట్లో తిరగనివి కడుపులో ఎట్ల తిరుగుతయో
నాకు తెలియదు గానీ
ఇంట్ల ఏమున్నదో తెలుసు.

అచ్చంపేట పల్లీలు,
మార్కెట్ యార్డుల కాంటా కింద ఏరుకున్నవి కావు,
ఈసారి పైసలిచ్చి కొన్నవి.
తాటిబెల్లం అర ముద్ద, ఆకువాసన ఇంకా వదల్లేదు.
రంజాన్‌కు యాసీన్ భాయ్ వాళ్లింట్ల పెట్టిన
ఖర్జూరాల్ల పది మిగిలినయి.
రెండు చెంచాల నెయ్యి. ఉప్పు, గోటికి అంటినంత.

సన్నమంట మీద మూకుడు.
పల్లీలు ముందు ఏమీ మాట్లాడవు.
ఒకటి చిటుక్కుమంటది,
ఇంకొకటి దానికి జవాబు చెప్తది,
ఆ తర్వాత పెండ్లి ఇల్లే.
చల్లారినంక నలిపి చాటల చెరిగితే
ఎర్రపొట్టు గోడ దాటి
తులశమ్మ ఆరేసిన తెల్లచీర మీద వాలింది.
ఆమె తిట్లు
ఈ వంటకు కొలత లేని దినుసు.

మిక్సీల ముందు పొడి అయితది.
తర్వాత మొండి ముద్ద,
గిన్నె అంచుకు అతుక్కొని అలుగుతది.
ఇక్కడే తొందరపడి నీళ్లు పోస్తరు, పాడైతది.
ఆగాలె.
మూత తీసి, గరిటెతో గీకి, మళ్లా తిప్పాలె.
మిక్సీ మూలిగితే దానికీ ఇంత సేపు కూసోనియ్యాలె.
నాలుగోసారికో ఐదోసారికో
పల్లీ తన నూనె తనే వదిలిపెడ్తది,
ఎవరూ గానుగల వెయ్యకుంటనే.

బెల్లం, గింజ తీసిన ఖర్జూరం, నెయ్యి కలిసి
మట్టిరంగుకు వచ్చింది.
మన నల్లరేగడి కాదు, వాన పడ్డ ఎర్రచెల్క.
టిఫిన్ డబ్బాకు నెయ్యి రాసి, ఒత్తి,
ఫ్రిజ్ పై అరల, మంచు గడ్డల నడుమ.

గంటన్నరకు కరెంటు పోయింది.
మోక్షిత ఫ్రిజ్ తలుపుకు వీపానించి
కాపలా కూసుంది.
"తెరిస్తే చల్లదనం కారిపోతది" అని
వాళ్ల నాయిననూ నీళ్ల సీసా తీసుకోనియ్యలేదు.

కత్తి పెడితే దిగింది.
రాయి కాలేదు, బెల్లం రాయి కానియ్యదు.
మొదటి ముక్క అత్తకు.

నాలుగు పళ్లున్న నోరు.
పందొమ్మిదేండ్లు పల్లీల మిల్లుల
కాయలు ఒలిచిన చేతులు,
బొటనవేలి గోరు ఇప్పటికీ పైకే లేచి ఉంటది.
కిలోకు ఇంత అని కూలి.
ఒక్క గింజ నోట్లో వేసుకున్నా
మేస్త్రి కండ్లు దవడ మీదనే ఉండేవట.
"కుర్మమ్మా, నోరు తెరువు."
తెరిచేదట, అందరి ముందట.
నాలుక కింద దాచినా దొరికేదట.

ముక్క బుగ్గన పెట్టుకొని
అత్త బజారుదిక్కు చూసుకుంట కూసుంది.
నమలలేదు. దవడ కదలలేదు.
గొంతు మాత్రం ఒకసారి
మెల్లగ కిందికి దిగి పైకి వచ్చింది.

"ఎట్లున్నది నానమ్మా?"

జవాబు లేదు.
ఎంతసేపటికో,
"ఇప్పుడు వచ్చి చూడమను వాన్ని" అంది.

వాడెవడో మోక్షితకు తెలియదు.
వాటా అడగడానికి ఎవరో వస్తున్నరనుకొని
డబ్బా మూత గట్టిగ పెట్టింది.